మూడో స్థాయి రోజున ఏ వాలు మీదికి వెళ్లాలి? బ్యాక్‌కంట్రీ స్కీయర్లకు మంచు చరియల గురించి చేసిన ప్రసంగం

రిసార్టు దారులు వదిలి సహజమైన కొండ వాలుల మీద స్కీ చేసేవారి కోసం శీతాకాలం మొదలయ్యే ముందు జరిగిన సమావేశంలోని ప్రసంగం ఇది. మూడో స్థాయి అంటే మంచు చరియల హెచ్చరికల్లోని అయిదు ప్రమాద స్థాయిల్లో మూడోది. రాలేకపోయిన వారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు విని రాశాం.

అందరికీ నమస్కారం. వెనక వరుసల వారికి వినపడుతోందా? సరే, మొదలుపెడతాను.

ముందుగా ఒక మాట అడుగుతాను. కూరుకున్నవారిని రేడియో సంకేతంతో వెతికే ట్రాన్స్‌సీవర్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ అంటే ప్రోబ్, పార, ఈ మూడూ సొంతంగా ఉన్నవారు చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. సంతోషం. ఇప్పుడు వాలు కోణం కొలిచే ఇన్‌క్లినోమీటర్ ఉన్నవారు మాత్రమే ఎత్తండి. చూడండి, ఎన్ని చేతులు దిగిపోయాయో. మొదట అడిగిన మూడు వస్తువులూ చరియ విరిగిపడిన తర్వాత పనికొచ్చేవి. రెండోసారి అడిగింది విరిగిపడక ముందు పనికొచ్చేది. మనలో ఎక్కువమంది ప్రమాదం జరిగాక ఏం చేయాలో సిద్ధమై వస్తున్నాం, జరగకుండా ఏం చేయాలన్న దానికి అంతగా సిద్ధం కావడం లేదు. ఈ రోజు నా మాటల్లో ఎక్కువ భాగం ఆ రెండో దాని గురించే ఉంటుంది.

ఎందుకంటే ఒక లెక్క ఉంది. స్కీయర్లు ప్రాణాలు కోల్పోయిన మంచు చరియల ప్రమాదాల్లో పదింట తొమ్మిది దాకా, ఆ చరియను కదిలించింది చిక్కుకున్న మనిషే, లేదా వారి జట్టులోని మరొకరే. మళ్లీ చెబుతాను. పదింట తొమ్మిది. చరియ ఎక్కడి నుంచో దానంతట అది వచ్చి మీద పడటం అరుదు. మనం దాని మీదికి వెళ్తున్నాం, మన బరువు దాన్ని తెంపుతోంది. వినడానికి ఇది భయంగా ఉంటుంది. కానీ నాకు ఇందులో ఆశ కనబడుతుంది. తెంపేది మనమే అయితే, తెంపకుండా ఉండటం కూడా మన చేతుల్లోనే ఉన్నట్టు కదా?

సరే, అసలు తెగేది ఏమిటి? అక్కడి నుంచి వద్దాం.

కొండ మీద చలికాలమంతా పేరుకునే మంచు మేట పైనుంచి కిందిదాకా ఒకే తీరుగా ఉండదు. ప్రతి తుఫానూ ఒక పొర వేస్తుంది. ప్రతి ఎండా, ప్రతి గాలీ, ప్రతి చలిరాత్రీ ఆ పొరను మారుస్తాయి. కొన్ని పొరల్లో మంచు రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని గట్టి పలకగా తయారవుతాయి. కొన్ని పొరల్లో రేణువుల మధ్య పట్టే ఉండదు. పట్టులేని పొర కింద, గట్టి పలక పైన, అదీ ఏటవాలు మీద. ఈ మూడూ కలిసిన చోట ఎవరో ఒకరు వచ్చి అడుగు వేయడమే తరువాయి. మనల్ని చంపేవి ఎక్కువగా ఈ పలక చరియలే. పొడి మంచు ఒక బిందువు దగ్గర మొదలై జారే చరియలు కూడా ఉంటాయి, వాటిలో చాలావరకు చిన్నవి. కింద కొండ అంచు ఉంటే అవి కూడా ప్రమాదకరమే. అయినా ఈ రోజు నా దృష్టి పలకల మీద.

పట్టులేని పొర ఎలా పుడుతుంది? ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త ఓపిక పట్టండి. మంచు మేట అడుగున, నేల దగ్గర, ఉష్ణోగ్రత సాధారణంగా సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. పైన గాలి ఎంత చల్లగా ఉన్నా సరే, నేల తన వెచ్చదనాన్ని అంత తొందరగా వదులుకోదు. పైభాగం మాత్రం ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మైనస్ ఇరవైకి పడిపోవచ్చు. ఇప్పుడు ఆలోచించండి. మేట రెండు మీటర్ల మందం ఉంటే ఆ తేడా రెండు మీటర్ల మీద పరుచుకుంటుంది. మేట యాభై సెంటీమీటర్లే ఉంటే? అదే తేడా యాభై సెంటీమీటర్లలోనే ఇమడాలి. మీటరుకు 10 డిగ్రీలు, అంటే ప్రతి పది సెంటీమీటర్లకు ఒక డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఉన్నప్పుడు, నీటి ఆవిరి కింది రేణువులను వదిలి పై రేణువుల మీదికి వేగంగా చేరుతుంది. అలా పెరిగే స్ఫటికాలకు అంచులుంటాయి, కోణాలుంటాయి, ఒకదానికొకటి అతుక్కునే గుణం మాత్రం ఉండదు. చేతిలోకి తీసుకుంటే వేళ్ల సందుల్లోంచి రాలిపోతాయి. వీటినే ఫాసెట్లు అంటున్నాం. మేట అడుగున ఇవి బాగా పెరిగి పెద్దవైతే డెప్త్ హోర్ అంటున్నాం.

అందుకే సీజను మొదట్లో మంచు పలచగా ఉంది, పెద్ద ప్రమాదం ఏముంటుందిలే అనుకోవడం పొరపాటు. మంచు తక్కువగా ఉండి, రాత్రులు చల్లగా, ఆకాశం నిర్మలంగా ఉన్న వారాలే ఆ చలికాలమంతా పీడించే పొరను తయారుచేస్తాయి. సముద్రానికి దూరంగా, పొడిగా, చల్లగా ఉండే కొలరాడో పర్వతాల్లో ఈ సమస్య ఏటా కనబడుతుంది. సముద్ర తీరానికి దగ్గరి కొండల్లో మంచు దట్టంగా, తేమగా పడుతుంది. అక్కడ ప్రమాదం తుఫాను సమయంలోనూ, ఆ వెంటనే ఒకటి రెండు రోజుల్లోనూ ఎక్కువగా ఉండి త్వరగా తగ్గుతుంది. ఒకచోట స్కీ చేసి నేర్చుకున్న అలవాటును మరోచోటికి అలాగే మోసుకెళ్లకండి.

ఇంకో రకం పొర ఉంది. గాలి లేని, మబ్బు లేని చలిరాత్రి తర్వాత పొద్దున్నే మంచు మీద తళతళ మెరుస్తూ ఆకుల్లాంటి స్ఫటికాలు నిలబడి ఉంటాయి. సర్ఫేస్ హోర్. చూడటానికి ఎంత అందంగా ఉంటుందో! దాని మీద స్కీ చేస్తే చప్పుడు కూడా బాగుంటుంది. అది పైన ఉన్నంతసేపు ఏ హానీ లేదు. దాన్ని గాలి చెదరగొట్టకుండా, ఎండ కరిగించకుండా, దాని మీద మెత్తగా కొత్త మంచు పడితే? ఆ సన్నని స్ఫటికాలు అలాగే నిలబడి కప్పబడిపోతాయి. మందం ఒక సెంటీమీటరు కూడా ఉండకపోవచ్చు. పైనుంచి చూస్తే ఆనవాలు ఉండదు. వారాల తరబడి అలాగే ఉంటుంది.

ఇప్పుడు మీరు ఆ పలక మీదికి వచ్చారు. మీ బరువు పలకను దాటి కిందికి దిగి, ఆ పొరలో ఒకచోట స్ఫటికాలను నలిపింది. ఒకసారి అలమరలో వరసగా నిలబెట్టిన పుస్తకాలను తలచుకోండి. ఒకటి ఒరిగితే పక్కది ఒరుగుతుంది, దాని పక్కది ఒరుగుతుంది. మీ కాళ్ల కింద కూలిన పొర పక్కనున్న దాన్ని కూల్చుతుంది. ఆ పగులు సెకనుకు పదుల మీటర్ల వేగంతో వాలంతా పాకుతుంది. ఏటవాలు మీద అది సెకనుకు 100 మీటర్లు కూడా దాటగలదని స్విట్జర్లాండ్ పరిశోధకులు 2022లో చూపించారు. మీరు పగులును చూసే సరికి మీ పైనున్న వాలు, పక్కనున్న వాలు అంతా తెగిపోయి ఉంటుంది. మీరు పలక మధ్యలో ఉంటారు, దానితో పాటే కదులుతూ ఉంటారు. కొన్ని సెకన్లలోనే అది గంటకు వంద కిలోమీటర్ల వేగాన్ని అందుకోవచ్చు. దాన్ని దాటి స్కీ చేయగలనని ఎవరైనా అంటే, వారు దాన్ని చూసి ఉండరు.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. పగులు మొదలైన చోటే చరియ జారాలని లేదు. మీరు కింద చదునైన చోట నడుస్తూ పొరను కూల్చితే, ఆ పగులు పైకి పాకి, మీ తల మీదున్న ఏటవాలును తెంపవచ్చు. మీరు నిలబడ్డ చోటు ఎంత చదునుగా ఉందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. మీతో అంటుకుని పైన ఏముందో కూడా చూడాలి.

ఇక కోణం. ఈ రోజు మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుని వెళ్తారంటే, ఈ భాగం గుర్తుపెట్టుకోండి.

పలక చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలుల మీద తెగుతాయి. అన్నిటికంటే ఎక్కువగా 38 డిగ్రీలకు అటూ ఇటూ. 30 కంటే తక్కువ అయితే పొర కూలినా పలక సాధారణంగా జారదు, ఘర్షణ దాన్ని పట్టి ఉంచుతుంది. 55 దాటితే మంచు పెద్దగా నిలవదు, పడుతున్నప్పుడే కొంచెం కొంచెంగా జారిపోతూ ఉంటుంది. మరి మనకు స్కీ చేయడానికి హాయిగా అనిపించే వాలు ఏది? ఆలోచించండి. సరిగ్గా ఆ ముప్పై అయిదు, నలభై మధ్యదే కదా!  అంటే మనల్ని ఆకర్షించే వాలూ, తెగే వాలూ ఒకటే. కష్టమంతా ఇక్కడే ఉంది.

మంచు గురించి మనకు తెలిసింది ఎప్పుడూ కొంతే. పొర ఎక్కడుందో, ఎంత బలహీనంగా ఉందో, ఇరవై అడుగుల అవతల ఎలా మారిందో అంచనాలు వేసుకోవాలి. కోణం అలా కాదు. కొలవవచ్చు. ఇంట్లో కూర్చుని మ్యాపు మీద చూడవచ్చు, అక్కడికి వెళ్లాక పరికరంతో సరిచూసుకోవచ్చు. నిన్నటికి, ఇవాళ్టికి పెద్దగా మారదు. అంత అనిశ్చితి మధ్య మనకు నికరంగా తెలిసే విషయం ఒకటి దొరికినప్పుడు, దాన్ని పట్టుకుని నిర్ణయాలు కట్టుకోవడమే తెలివి. కళ్లతో అంచనా వేయకండి. కింది నుంచి చూసినప్పుడు ఒకలా, పైనుంచి చూసినప్పుడు ఇంకోలా కనబడుతుంది. అలసిపోయినప్పుడు మరోలా కనబడుతుంది. ఇన్‌క్లినోమీటర్ చిన్న వస్తువు, జేబులో పడుతుంది, స్కీ కర్రను వాలు మీద పడుకోబెట్టి దాని మీద పెడితే చాలు. మ్యాపుల్లో 30 డిగ్రీలు దాటిన వాలులకు రంగులు వేసి చూపిస్తారు. వాడుకోండి. కాకపోతే చిన్న చిన్న మెట్ల వంటి ఏటవాలులు ఆ రంగుల్లో కనబడకపోవచ్చు. మనిషిని కప్పేయడానికి పది మీటర్ల వాలు కూడా చాలు.

ఇప్పుడు బులెటిన్, అంటే ఆ ప్రాంతంలో మంచు చరియల ప్రమాదం ఎంతో చెప్పే ప్రకటన. యూరప్‌లోని మంచు చరియల హెచ్చరిక సంస్థలు 1993లో అయిదు స్థాయిల కొలమానానికి ఒప్పుకున్నాయి. ఒకటి తక్కువ, రెండు మోస్తరు, మూడు గణనీయం, నాలుగు ఎక్కువ, అయిదు అత్యధికం. ఉత్తర అమెరికాలోనూ స్థాయిలు అయిదే. అయిదింట్లో మూడు అంటే మీ మనసులో ఏమనిపిస్తుంది? నిజాయితీగా చెప్పండి. మధ్యస్థం, పరీక్షలో సగం మార్కులు, పర్వాలేదు. అవునా? అలా చదవకూడదు. ఈ కొలమానం సమానమైన మెట్లతో పైకి పోదు. ఒక్కో మెట్టుకు ప్రమాదం రెట్లలో పెరుగుతుంది. మూడు అంటే, చాలా ఏటవాలుల మీద ఒక్క స్కీయరు బరువుకే చరియ తెగడానికి అవకాశం ఉందని అర్థం. స్విట్జర్లాండ్‌లో చలికాలం రోజుల్లో దాదాపు 30 శాతం రోజులకు మూడో స్థాయి ప్రకటిస్తారు. ప్రాణనష్టంలో దాదాపు సగం ఆ రోజుల్లోనే జరుగుతుంది.

ఎందుకు? నాలుగు, అయిదు స్థాయిల రోజున ప్రమాదం కళ్లకు కనబడుతుంది. తుఫాను ఉంటుంది, దారులు మూసేస్తారు, చరియలు వాటంతట అవే పడుతుంటాయి, జనం ఇంట్లో ఉంటారు. మూడో స్థాయి రోజున తుఫాను వెళ్లిపోయి ఉంటుంది. ఎండ వస్తుంది, ఆకాశం నీలంగా ఉంటుంది, కొత్త మంచు మోకాలి దాకా ఉంటుంది. అందరూ బయల్దేరుతారు. కొండ మీద చూస్తే ప్రమాదం ఉన్నట్టే ఉండదు. ఉంటుంది.

కాబట్టి మూడో స్థాయి రోజున ఏం చేయాలి? స్విస్ పర్వత గైడు వెర్నర్ ముంటర్ దీనికి ఒక సులువైన నియమం ఇచ్చారు. రెండో స్థాయి రోజున 40 డిగ్రీల లోపు వాలు. మూడో స్థాయి రోజున 35 లోపు. నాలుగో స్థాయి రోజున 30 లోపు. అయిదో స్థాయి రోజున వెళ్లవద్దు. రాసుకోండి, నేను ఆగుతాను. రెండుకు నలభై, మూడుకు ముప్పై అయిదు, నాలుగుకు ముప్పై. మీరు నిలబడ్డ చోటి కోణం ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే చాలదు, వాలు మొత్తం మీద అన్నిటికంటే నిటారుగా ఉన్న చోటును కొలవాలి. నా మాట అడిగితే, మూడో స్థాయి రోజున బులెటిన్‌లో పాత బలహీన పొర ప్రస్తావన ఉంటే నేను ముప్పై లోపే ఉంటాను. ఇది నా సొంత గీత, మీరు ఒప్పుకోవాలని లేదు.

బులెటిన్ తెరిచి ఆ ఒక్క అంకె చూసి మూసేసేవారు చాలామంది ఉన్నారు. దయచేసి అలా చేయకండి. అంకె తర్వాత రాసే మాటల్లోనే అసలు సంగతి ఉంటుంది. ఏ దిక్కు వాలుల మీద, ఎంత ఎత్తు పైన, ఏ రకం సమస్య? కొత్త మంచా, గాలి మోసుకొచ్చిన మంచా, పాత బలహీన పొరా, తడి మంచా? ఈ నాలుగింటికీ మనం నడుచుకోవలసిన తీరు వేరు వేరు.

గాలి సమస్యను తీసుకోండి. గాలి మంచును ఆకాశం కంటే వేగంగా, పది రెట్ల దాకా వేగంగా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చగలదు. గట్టుకు ఒకవైపు ఊడ్చి, చాటు వైపు పోస్తుంది. రాత్రి చినుకు మంచు కూడా పడలేదు, కానీ గాలి బలంగా వీచింది. పొద్దున గాలి చాటు వాలు మీద కొత్త పలక సిద్ధంగా ఉంటుంది. ఎలా గుర్తించాలి? మంచు మీద గాలి చెక్కిన గీతలు చూడండి, గట్టు మీద చూరులా వేలాడే మంచు, అంటే కార్నిస్, ఏ వైపు వాలి ఉందో చూడండి. అన్నట్టు, కార్నిస్ అంచుకు వెళ్లి కిందికి తొంగిచూడకండి. మనం అనుకునే దానికంటే చాలా వెనక్కి అది తెగుతుంది. గాలి పలక సమస్య అయితే సాధారణంగా కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. పాత బలహీన పొర సమస్య అలా కాదు, వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. దానికి ఓపిక తప్ప మందు లేదు.

తడి మంచు వసంతంలో వచ్చే సమస్య. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి పైభాగం గట్టిగా గడ్డకడితే, ఉదయం కొన్ని గంటలు బాగుంటుంది. ఎండెక్కే కొద్దీ నీరు కిందికి దిగి పొరల పట్టు వదులుతుంది. బూటు చీలమండ దాటి దిగిపోతోందంటే ఆ వాలు వదిలి వచ్చేయవలసిన వేళ దాటిపోతోందన్నమాట. రాత్రి మబ్బు పట్టి గడ్డకట్టనే లేదంటే ఆ పొద్దున బయల్దేరకండి.

కొండ కూడా కొన్ని సంగతులు నేరుగా చెబుతుంది. పక్క వాలు మీద తాజాగా పడిన చరియ కనబడితే అంతకంటే స్పష్టమైన సాక్ష్యం ఉండదు. నడుస్తుంటే కాళ్ల కింద నుంచి ‘వుంఫ్’మని మూలిగినట్టు బరువైన శబ్దం వచ్చి మంచు కాస్త కుంగుతుంది. అది పొర కూలిన శబ్దం. ఏటవాలు మీద అయితే ఈపాటికి మీరు జారిపోతూ ఉండేవారు. స్కీ ముందు నుంచి పగుళ్లు పరుగెత్తితే అదీ అంతే. ఇవి కనబడిన రోజున ఏటవాలు ఆలోచన మానేయండి. చర్చ అక్కర్లేదు. అయితే దీన్ని తిరగేసి వాడకండి. ఏ గుర్తూ కనబడలేదు కాబట్టి క్షేమం అనుకోవడానికి లేదు. పాత పొరలు చాలాసార్లు ఏ గుర్తూ ఇవ్వకుండానే తెగుతాయి.

గొయ్యి తవ్వి పరీక్షించడం గురించి చాలామంది అడుగుతారు. మంచు దిమ్మెను కొట్టి చూసే ఎక్స్‌టెండెడ్ కాలమ్ టెస్టు మంచి పరీక్ష. వాలుకు అడ్డంగా తొంభై సెంటీమీటర్లు, వాలు పైవైపుకు ముప్పై సెంటీమీటర్లు ఉన్న దిమ్మెను వేరుచేసి, ఒక చివర పార పెట్టి, మణికట్టు నుంచి పది, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది దెబ్బలు కొడతారు. పగులు ఒక చివర మొదలై రెండో చివర దాకా పాకిందా లేదా అన్నది చూడాలి. పాకితే ఆ వాలు వద్దు. పాకకపోతే? అక్కడే జాగ్రత్త. మీరు పరీక్షించింది ఒక్క చోటును. పది మీటర్ల అవతల మంచు పలచగా ఉండి పొర బలహీనంగా ఉండవచ్చు. గొయ్యి ‘వద్దు’ అంటే వినండి. గొయ్యి ‘సరే’ అన్నంత మాత్రాన, బులెటిన్ వద్దన్న వాలు మీదికి వెళ్లకండి.

ఇప్పుడు మంచును వదిలి మన గురించి మాట్లాడదాం. నాకు అన్నిటికంటే బాధ కలిగించే భాగం ఇదే.

2012 ఫిబ్రవరి 19. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, స్టీవెన్స్ పాస్ రిసార్టు పక్కనున్న టనెల్ క్రీక్. ఒక పెద్ద తుఫాను అప్పుడే వెళ్లింది. అంతకు ముందు ఏర్పడిన సర్ఫేస్ హోర్ కొత్త మంచు కింద ఉంది. ఆ ఉదయం 16 మంది అక్కడికి వెళ్లారు. వారిలో చాలామంది ఆరితేరిన స్కీయర్లు, ఆ కొండ తెలిసినవారు, పరికరాలు ఉన్నవారు, బులెటిన్ చదివినవారు. చరియ తెగింది. కిందనున్న ఇరుకు గండిలో పడి వందల మీటర్లు పోయింది. ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత మాట్లాడిన వారిలో కొందరు, తమకు ఆ ఉదయమే మనసులో సందేహం కలిగిందని, అయినా పైకి అనలేదని చెప్పారు. ఇంతమంది నిపుణులుండగా నేనేం చెప్పగలను అనుకున్నారు. ఒకరు కాదు, పలువురు అలాగే అనుకున్నారు. నేను వారిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ గుంపులో మీరుంటే, నేనుంటే నోరు తెరిచేవాళ్లమా?

ఇయన్ మెక్‌కామన్ అనే పరిశోధకుడు అమెరికాలో జరిగిన 700కు పైగా ప్రమాదాలను పరిశీలించారు. శిక్షణ పొందినవారు కూడా, గుర్తులు కళ్లెదుట ఉన్నా, వెళ్లి చిక్కుకున్నారని చూశారు. బాగా తెలిసిన వాలు కదా అన్న ధీమా. ఇంతదూరం వచ్చాం కదా అన్న పట్టుదల. మన జట్టులో పెద్దాయన ఉన్నారు కదా అన్న నమ్మకం. అవతలి జట్టు వెళ్లేలోపు తాజా మంచు మీద మనమే ముందు స్కీ చేయాలన్న తొందర. ఇవి మంచు గురించిన తెలివిని పక్కకు నెట్టేస్తాయి.

దీనికి ఒక కారణం ఉంది, దాన్ని విడమరచి చెప్పాలి. కొండ మన నిర్ణయాలకు మార్కులు వేయదు. మీరు ప్రమాదకరమైన వాలు మీదికి వెళ్లారనుకోండి. చాలాసార్లు ఏమీ కాదు. పొర బలహీనంగా ఉన్న ఆ ఒక్క చోటు మీద మీ స్కీ పడలేదు, అంతే. మీరు కిందికి వచ్చి, నా అంచనా సరైనదే అనుకుంటారు. మళ్లీ వెళ్తారు. మళ్లీ ఏమీ కాదు. ఇరవై ఏళ్ల అనుభవం అని మనం గౌరవించే దాంట్లో ఎంత నైపుణ్యం, ఎంత అదృష్టం? విడదీయడం ఎవరి తరం? అందుకే తిరిగొచ్చాక, క్షేమంగా వచ్చాం అని చెప్పుకుని ఊరుకోకండి. ఈ రోజు మన నిర్ణయం సరైనదా, లేక మనం బతికిపోయామా అని జట్టంతా కూర్చుని మాట్లాడుకోండి. ఆ అలవాటున్న జట్లను నేను నమ్ముతాను.

అందుకే కోణం గీతను ముందురోజు రాత్రే, ఇంట్లో ఉండగానే గీసుకోమంటున్నాను. రేపు మూడో స్థాయి, మన గీత 35, ఈ వాలు 37, కాబట్టి జాబితాలో లేదు. అయిపోయింది. అక్కడికి వెళ్లాక మంచు ఎంత బాగున్నా గీతను పైకి జరపకూడదు. కిందికి జరపవచ్చు, ఎప్పుడైనా. జట్టులో ఒక్కరు వద్దంటే అందరూ ఆగాలి, కారణం అడిగి వేధించకూడదు. జట్టు నలుగురికి మించకుండా చూసుకోండి, మాట్లాడుకోవడం సులువవుతుంది. ఏటవాలు మీద ఒకరి తర్వాత ఒకరు వెళ్లండి. మిగతావారు చరియ చేరలేని చోట నిలబడి చూడాలి. చెట్ల మధ్య కాదు, గండిలో కాదు, వాలు కింద కాదు.

ఇక జరగరానిది జరిగితే. దీన్ని కొంచెం వేగంగా చెబుతాను, ఎందుకంటే ఇది వింటే రాదు, చేతులతో చేసి నేర్చుకోవాలి.

పూర్తిగా కూరుకుపోయిన వారు ఎంతసేపు బతుకుతారు? స్విట్జర్లాండ్‌లో నలభై ఏళ్ల సమాచారంతో 2024లో వచ్చిన అధ్యయనం ప్రకారం, మొదటి 10 నిమిషాల్లో బయటికి తీసిన వారిలో 91 శాతం మంది బతికారు. అరగంటకు అది దాదాపు 31 శాతానికి పడిపోయింది. చాలామంది ఊపిరాడక చనిపోతారు. కొందరు చెట్లకు, బండలకు కొట్టుకుని అప్పటికే చనిపోయి ఉంటారు, వారికి ఏ పరికరమూ సాయం చేయలేదు. పది నిమిషాలు. హెలికాప్టర్ ఎంత వేగంగా వచ్చినా సాధారణంగా అంతలో రాలేదు. కూరుకున్న మనిషికి ఉన్న ఆసరా మంచు మీద నిలబడి ఉన్న మీరే. సాయం కోసం ఫోను తప్పకుండా చేయండి, కానీ వెతకడం ఆపకండి.

ట్రాన్స్‌సీవర్లన్నీ 457 కిలోహెర్ట్‌జ్ మీద పనిచేస్తాయి, ఏ కంపెనీదైనా మరో కంపెనీదాన్ని పట్టుకుంటుంది. ఫోను, ఎలక్ట్రానిక్ వస్తువులు దాన్ని తికమకపెడతాయి. మామూలుగా 20 సెంటీమీటర్ల దూరం, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరం పాటించండి. వెతికే ముందు అందరూ తమ పరికరాలను వెతికే స్థితికి మార్చాలి. ఒక్కరు మరిచిపోయినా అందరూ ఆ ఒక్కరి చుట్టూ తిరుగుతారు. ప్రోబ్‌ను వాలుకు లంబంగా గుచ్చండి. తగిలితే అలాగే వదిలేయండి, పీకకండి. తర్వాత తవ్వకం. ఎక్కువ సమయం పోయేది ఇక్కడే. ఆగిపోయిన చరియ మంచు గట్టిగా బిగుసుకుంటుంది. ఒక మీటరు లోతున ఉన్న మనిషి కోసం టన్నుకు పైగా మంచు కదపాలి. ప్రోబ్ దగ్గర నిటారుగా తవ్వకండి, వాలు కింది వైపు నుంచి మొదలుపెట్టి లోపలికి వెళ్లండి, ఒకరి వెనక ఒకరు మంచు వెనక్కి తోయండి. ముందు ముఖం, నోట్లో మంచు తీయడం, ఊపిరి.

ఎయిర్‌బ్యాగ్, అంటే చరియలో చిక్కినప్పుడు గాలితో ఉబ్బే వీపు సంచి, కొనాలా అంటే, స్తోమత ఉంటే కొనండి. కదిలే మంచులో పరిమాణం పెద్దదైన వస్తువు పైకి తేలుతుంది, అదే దాని సూత్రం. తీవ్రమైన ప్రమాదాలను పోల్చిచూసిన 2014 అధ్యయనంలో, తెరుచుకున్న ఎయిర్‌బ్యాగ్ మరణాల రేటును 22 శాతం నుంచి 11కు, అంటే సగానికి తగ్గించింది. సగానికి మాత్రమే. అది వీపున ఉంది కదా అని ఇంకాస్త ఏటవాలు ఎంచుకుంటే ఆ లాభం అక్కడే పోతుంది.

ప్రశ్నలకు సమయం ఉంది. ఇద్దరు చేతులెత్తారు. మొదటి ప్రశ్న: అప్పటికే ఆ వాలు మీద వేరేవారి స్కీ గీతలు ఉంటే క్షేమమేనా? లేదు. ఆ గీతలు పడింది పలక మందంగా ఉన్నచోట కావచ్చు, మీరు పలచగా ఉన్నచోట అడుగుపెట్టవచ్చు. అయిదో మనిషి, పదో మనిషి తెంపిన చరియలు ఎన్నో ఉన్నాయి.

రెండో ప్రశ్న: బులెటిన్ రాని పర్వతాలకు వెళ్తే ఏం చేయాలి? కనీసం మూడో స్థాయి అనుకుని మొదలుపెట్టండి. గత వారం రోజుల మంచు, గాలి, ఉష్ణోగ్రతల సమాచారం సేకరించండి. మొదటి రోజంతా చదునైన చోట తిరుగుతూ తాజా చరియల కోసం చూడండి, గొయ్యి తవ్వండి, ఏ పొరలున్నాయో తెలుసుకోండి. ఆ తర్వాత కూడా 30 డిగ్రీల లోపు, పైన ఏటవాలు లేని చోటే స్కీ చేయండి. ఇంకా నిటారు వాలు కావాలంటే బులెటిన్ వెలువడే ప్రాంతాన్ని ఎంచుకోండి.